బావమరిది అమ్మిన మా గొర్రెలు

మిర్యాలగూడ సంతలో చూడి గొర్రెలు దొరకలేదని ఈ రోజు నా బావమరిది యాదగిరితో సూర్యాపేట సంతంతా తిరిగాను. కాళ్లు పీక్కుపోయాయి. నిజాం మీద పోలీసు చర్య తర్వాత సంతలు మళ్లీ నిండుతున్నాయి గానీ, ఆడ గొర్రెలను ఎవరూ అమ్మడం లేదు.

ఎండాకాలంలో వాడు మా చూడి గొర్రెలను అరువు తీసుకుని అమ్మేశాడు. గడ్డి లేక ధర పడిపోతుందని, అప్పుడు చవగ్గా కొని గొర్రెకు గొర్రె తిరిగిచ్చి, మిగిలిన డబ్బు తను ఉంచుకుంటానని అన్నాడు. పట్నంలో షేర్ల బజారువాళ్లు అరువు తెచ్చిన షేర్లను ఇలాగే అమ్ముతారట. తీరా వానలు ముందే పడ్డాయి. గడ్డి మొలిచింది, ధర లేచింది.

ఉత్త చేతులతో ఇంటికొస్తే, నా భార్య లచ్చమ్మ తమ్ముణ్ణి ఒక్కటే అడిగింది.

"గొర్లు సరే తమ్మీ, వాటి పిల్లలేవి?"

"గవి కొన్నోళ్ల దొడ్లె ఈనినయక్కా. నాకేమెరుక?"

"నువ్వు అమ్మకుంటె గీడనే ఈనేటియి గద. పిల్లల్ని గూడ తేవాలె."

లాభం చూసుకున్నవాడికి ఆ సంగతి తట్టనే లేదు. తల వంచుకుని అంబలి తాగాడు. పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, ఇప్పుడు ధర మస్తుగున్నది. ఇంకో నాలుగు గొర్లియ్యరాదు, అమ్మితె పాత నష్టమంత ఎల్తది."

అది విన్న లచ్చమ్మ మంచం తెచ్చి దొడ్డి తలుపుకు అడ్డంగా వేసుకుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి బావమరిది ఉంటే చెప్పండి, మావాణ్ణి తోడుగా పంపిస్తాను.