కడుపుతో ఉన్న మనిషి అడిగిన మాత్ర

నా చిన్నప్పుడు మా కోనసీమలో బోదకాలు లేని వీధి ఉండేది కాదు. కాలవలు, కొబ్బరితోటల్లో నిలవ నీళ్ళు, వాటి మీద ముసిరే దోమలు. ఒకసారి చలిజ్వరం వచ్చి గజ్జల్లో బిళ్ళలు కట్టాయంటే చాలు, ఇంక ఆ కాలు అంతేనని చుట్టుపక్కల వాళ్ళే తీర్పు చెప్పేసేవారు. మా అమ్మకి ఆ జ్వరం మాటిమాటికీ రావడం మొదలైంది. ఎడమకాలి చీలమండ దగ్గర వాపు మొదట్లో తెల్లారేసరికి తీసేది. తరవాత తరవాత తెల్లారినా ఉండిపోయేది.

అమలాపురంలో ఒక డాక్టరమ్మగారు దానికి కొత్తగా వచ్చిన మందు ఇచ్చారు. అన్నం తిన్నాకే వేసుకోవాలని చెప్పారట. మా నాయనమ్మ వింటేగా! ఆవిడ లెక్కలో మందు అంటే పరగడుపున పుచ్చుకునేదే. తేనెలో రంగరించిన భస్మమైనా, కషాయమైనా ఆవిడ ఎరిగిన పద్ధతి అదొక్కటే. ఖాళీ కడుపున ఆ మందు పడేసరికి అమ్మకి కళ్ళు తిరిగి, పేగులు నోట్లోకొచ్చేలా వాంతులయ్యాయి. ఈ మందు మన ఒంటికి పడదు, కాలవలో పారేయమంది నాయనమ్మ. అమ్మ పారెయ్యలేదు. మళ్ళీ పడవెక్కి డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళింది. అన్నం తిన్నాక వేసుకుంటే సగం బాధ తగ్గుతుందని చెప్పి, వికారం కట్టడానికి వేరే చిన్న మాత్రలు ఇచ్చారు ఆవిడ.

ఆ చిన్న మాత్రలతో అమ్మ ఎంత నిక్కచ్చిగా ఉండేదో చెప్పాలి. వాంతి అయ్యాక కాదు, అసలు మందుకి కాసేపు ముందే వేసుకునేది. దానికి మత్తుగా ఉంటుందని డాక్టరమ్మగారు చెప్పారు గనక, వేసుకున్నాక పొయ్యి దగ్గరికి గాని, కాలవరేవు మెట్ల మీదికి గాని వెళ్ళేది కాదు. ఒకరోజు మాత్ర మింగిన కాసేపటికే కక్కేసింది. ఇంకోటి మింగితే ఏం పోయిందే అని నాయనమ్మ విసుక్కుంది.

“లోపలికి ఎంత పోయిందో, బయటికి ఎంత వచ్చిందో మనకేం తెలుసండీ అత్తయ్యగారూ? డాక్టరమ్మగారినడిగే వేసుకుంటాను” అంది అమ్మ. నాన్నగారిని పంపించి కనుక్కునేదాకా రెండోది ముట్టలేదు. అప్పట్లో నాకు అమ్మది చాదస్తమనిపించేది.

క్రమంగా వాంతులు ఆగాయి, మందు లోపల నిలిచింది, కాలు తేలికపడింది. దాంతో ఆ చిన్న మాత్రలకి మా వీధిలో ఎక్కడలేని పేరొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్కింటి అక్కకి వేవిళ్ళు పట్టుకున్నాయి. తొలిచూలు. కాపరానికొచ్చిన కొత్తలో నవ్వితే వీధి చివరికి వినపడేది, నాకు రోజూ జడ వేసేది. అలాంటి మనిషి మంచినీళ్ళు తాగినా కక్కుకుని, గోడ పట్టుకుని నడిచే స్థితికొచ్చింది. ఆమెని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు పొద్దున్నే అక్కని వెంటబెట్టుకుని వాళ్ళత్తగారు మా వసారాలోకి వచ్చారు. “మా కోడలికి ఆ మాత్రోటి ఇద్దురూ, పుణ్యం ఉంటుంది” అన్నారు. అక్క చెయ్యి చాపింది.

మా వైపు ఒక పట్టింపు ఉంది. కడుపుతో ఉన్న మనిషి ఏదైనా అడిగితే లేదనకూడదు. ఊరగాయైనా, దొడ్లో కాయైనా, పొయ్యి మీద ఉడుకుతున్న పులుసైనా సరే. కాదంటే లోపలున్న బిడ్డని కాదన్నట్టే. ఆ పట్టింపుతోనే నాయనమ్మ అప్పటికే గూట్లో ఉన్న మాత్రల సీసా అందుకుంది. అమ్మ గబగబా వెళ్ళి ఆవిడ చేతిలోంచి సీసా తీసేసుకుంది. నాయనమ్మ మొహం మాడిపోయింది. పక్కింటి అత్తగారు ముక్కున వేలేసుకున్నారు.

“ఇస్తానండీ పిన్నిగారూ, లేదని ఎందుకంటాను?” అంది అమ్మ. “నా చేత్తోనే ఇస్తాను. కాకపోతే ఈ ఇంట్లో కాదు. డాక్టరమ్మగారి ఎదురుగా, ఆవిడ ఇమ్మంటే ఇస్తాను. పడవ కదలకముందే పదండి!”

“మాత్ర కోసం అమలాపురమా! చోద్యం కాకపోతే!” అని పక్కింటి అత్తగారు గింజుకున్నారు. కానీ ఇస్తానన్న మనిషితో ఏమని పోట్లాడతారు? అమ్మ అప్పుడే చీర మార్చుకుని, ఒక మాత్ర కాగితంలో చుట్టి కొంగున ముడేసింది. నేనూ వస్తానని ఏడిస్తే, సరే అక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చో అంది. పడవలో దారంతా అక్క నా ఒళ్ళోనే పడుకుంది. మాట్లాడిస్తే కళ్ళు తెరిచేది, మళ్ళీ మూసుకునేది. పెదాలు ఎండి చీలిపోయి ఉన్నాయి.

డాక్టరమ్మగారి బల్ల మీద అమ్మ ఆ మాత్ర పెట్టింది. “ఈ పిల్లకిస్తానని మాటిచ్చేనండీ. మీరు ఊఁ అంటే ఇప్పుడే వేసేస్తాను” అంది. ఆవిడ మాత్ర వంక చూడనేలేదు. అక్క నాలుక చూశారు, చేతి మీద చర్మం పట్టి లాగి చూశారు, ఒంటేలుకి ఎప్పుడు వెళ్ళావని అడిగారు. నిన్న మధ్యాహ్నం అంది అక్క. అంతే, గబగబా మంచం మీద పడుకోబెట్టించి సెలైన్ ఎక్కించే ఏర్పాటు చేశారు. అక్కని అక్కడే ఉంచేశారు.

ఆ హడావిడి తగ్గాక ఆవిడ వాళ్ళత్తగారిని కూర్చోబెట్టి చెప్పిన మాటలు నాకిప్పటికీ గుర్తే. “ఇంట్లో ఈ మాత్ర వేసుంటే ఏమయ్యేదో తెలుసాండీ? మత్తుగా నిద్రపోయేది. హమ్మయ్య, నెమ్మదించిందని మీరూ లేపేవారు కాదు. ఒంట్లో నీరంతా అప్పటికే ఇంకిపోయి ఉంది. ఆ నిద్రలోనే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయేవారు. ఈ మాత్ర ఈవిడ రోగానికి, ఈవిడ ఒంటికి చూసి ఇచ్చింది. వికారం ఒకటేగాని కారణం ఒకటి కాదు.”

పక్కింటి అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. “ఆయ్, బుద్ధొచ్చిందండీ” అని అమ్మ చెయ్యి పట్టుకున్నారు. అమ్మ మాత్రం ఏమీ జరగనట్టు, మీరిక్కడ ఉండండి, ఇంటి దగ్గర వంట మేము చూసుకుంటామంది. అక్క కోలుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. అక్క నవ్వు మళ్ళీ వీధి చివరికి వినపడింది. అమ్మ కాలు కూడా, అంతా అనుకున్నట్టు బోదకాలు కాలేదు. మందు పూర్తిగా వాడేసింది మరి!

ఇప్పుడు నేనే నాయనమ్మని. నా మంచం పక్కన కూడా సీసాల వరసే. మీకు బాగా పనిచేసిందటగా, ఒకటి ఇవ్వండి పిన్నిగారూ అని వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. అందరికీ ఇస్తాననే చెబుతాను. చెప్పి, మోకాళ్ళు ఎంత సలుపుతున్నా లేచి, వాళ్ళ చెయ్యి పట్టుకుని ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళతాను. దారిలో తిట్టుకునేవాళ్ళు తిట్టుకుంటారు. తిట్టుకోనీ, బతికుంటేగా తిట్టుకునేది!