వెనక్కి వాలని కుర్చీ

మా ఇంట్లో ఒక కుర్చీ నలభై ఏళ్లు వెనక్కి వాలలేదు. దాన్ని విరగ్గొట్టింది నేనేనని ఇంటిల్లిపాదీ నలభై ఏళ్లు నమ్మారు. వాళ్లతోపాటు నేనూ నమ్మాను. నాకు అసలు మంట అక్కడే.

మా నాన్న థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవాడు. కొండపల్లి దగ్గర క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పనిమీద వచ్చిన విదేశీ ఇంజనీరెవరో వెళ్లిపోతూ వదిలేసిన కుర్చీని నాన్న ఇంటికి తెచ్చాడు. అప్పటికే దానికి పాతికేళ్లు ఉంటాయి. వంచిన చెక్క వీపు, నల్లతోలు మెత్తలు, కింద చుక్కలా విచ్చుకున్న ఇనప కాళ్లు. కూర్చుని కాస్త బరువు వెనక్కి వేస్తే అడుగున ఉన్న స్ప్రింగు మెల్లగా లొంగి మనిషిని వాల్చేది. తెచ్చినరోజు మా క్వార్టర్ల లైన్లో ఉన్న మగవాళ్లంతా వచ్చి ఒక్కొక్కరే వాలి చూశారు. ఆడవాళ్లు వాళ్లు వాలడం చూశారు.

నాన్న డ్యూటీకి వెళ్లగానే నేనెక్కి ఊగేదాన్ని. నాకప్పుడు పదకొండేళ్లు. ఒక సాయంత్రం ఆయన వచ్చి వాలబోతే కుర్చీ గోడలా నిటారుగా నిలబడిపోయింది. విచారణ అక్కర్లేకపోయింది. వీపుమీద రెండు పడ్డాయి. మర్నాడు వచ్చిన వడ్రంగి కుర్చీని నాలుగుసార్లు తట్టి, "ఫారిన్ సరుకు సార్, లోపల ఇరిగింది, దీని సామాను ఇక్కడ దొరకదు" అని తీర్పు చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. అడుగున ఉన్న నల్లగుడ్డ విప్పి చూసిన పాపాన పోలేదు. తెలియదని ఒప్పుకోవడం కన్నా విరిగిందని చెప్పడం మగాడికెప్పుడూ సులువు.

అదే వారం నా కొండపల్లి బొమ్మ కూడా పాడైంది. తాడిచెట్టెక్కే గీతకార్మికుడి బొమ్మ. చెట్టు మాయమై మనిషొక్కడు మిగిలాడు. నడుముకి ముంత కట్టుకుని, రెండు చేతులతో గాలిని కావలించుకుని, ఏళ్లతరబడి మా అద్దాల బీరువాలో ఎక్కుతూనే ఉన్నాడు. అది నా రెండో నేరం.

ఇక అక్కణ్నుంచి, "దాని చేతికి ఏదీ ఇవ్వకండి" అనేది మా ఇంటి శాసనమైపోయింది. రేడియో చెవి నేను తిప్పకూడదు. మిక్సీ నేను ముట్టకూడదు. తమ్ముడికి పద్నాలుగేళ్లకే స్కూటరు నేర్పించారు, నన్ను వెనక సీటు కూడా జాగ్రత్తగా ఎక్కమన్నారు. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్ చదువుతానన్నాను. నాన్న ఆ కుర్చీలో నిటారుగా కూర్చునే, "కుర్చీనే బతకనివ్వలేదు, దీనికి మిషన్లు కూడానా?" అన్నాడు. ఇంటికొచ్చిన చుట్టాలతో సహా అందరూ నవ్వారు. అమ్మ ఆ పక్కనే కాఫీలు ఇస్తోంది. నేను బీఏ చదివాను. యాభై దాటాక కూడా నాకు బండి నడపడం రాదు. రోజూ బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోవాళ్లతో పోట్లాడుతూ బతుకుతున్నాను.

నాన్న పోయాక కుర్చీ తమ్ముడి ఇంట్లో పడి ఉంది. పోయినేడు వాడు ఫ్లాటు మారుతూ ఫోన్ చేశాడు.

"అక్కా, నాన్న కుర్చీ పాతసామాన్లవాడికి వేసేస్తున్నా. కావాలంటే తీసుకుపో. నువ్వేగా విరగ్గొట్టింది, నువ్వే బాగుచేయించుకో."

"పంపించు. బాగుచేయించి నీ ఎదురుగానే వాలతాను."

"వాలు వాలు. అంబులెన్స్ నంబరు దగ్గర పెట్టుకుని వాలు."

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటింది, నోరు మాత్రం తగ్గలేదు. కుర్చీ గుమ్మంలో దిగగానే మొహం చిట్లించింది. "ఈ దరిద్రాన్ని మళ్లీ ఎందుకు తగిలించుకున్నావే? విరిగింది విరిగినట్టు పోనీయక." మూడు రోజులు అదే పాట. ఇల్లు ఇరుకని గోల చేస్తోందనుకున్నాను.

ఊళ్లో ఫర్నిచర్ షాపులవాళ్లు చూసి, కింద భాగం తీసి పారేసి కొత్తది వేస్తామన్నారు. మోకాలు నొప్పంటే కాలు మారుస్తామనే రకం. వాళ్లతో మాటా మాటా అనుకుని, దాన్ని ట్రాలీ ఆటోలో వేయించుకుని ఆటోనగర్ పోయాను. అక్కడ లారీ సీట్లు చేసే ఒక ముసలాయన ఉన్నాడు. కళ్లజోడు కాడకి దారం కట్టి ఉంది.

"ఇది లారీ సీటు కాదు గదండీ మేడమ్" అన్నాడు.

"లారీ డ్రైవరు వాలితే తప్పు లేదు, నేను వాలితే తప్పా?"

"వాలండి, ఎవరొద్దన్నారు? ముందు నన్ను తిరగెయ్యనియ్యండి."

కుర్చీని తలకిందులు చేసి, అడుగు గుడ్డకి బ్లేడు పెట్టబోయి ఆగాడు. "ఇది కంపెనీవాళ్ల కుట్టు కాదండీ. మూడు వైపులా మిషన్ కుట్టు, ఈ వైపు చేతికుట్టు. ఎవరో ఇప్పి మళ్లీ కుట్టారు. మంచి చెయ్యండీ ఆళ్లది."

వంగి చూశాను. ఒక్కొక్క పోగునే పట్టుకుంటూ, ఏటవాలుగా, చీమలబారులా పోయిన కుట్టు. అమ్మ కుట్టిన నా జాకెట్ల అంచులన్నీ ఆ కుట్టే. చిన్నప్పటినుంచీ ఒంటిమీద మోస్తున్న కుట్టుని ఎలా గుర్తుపట్టను?

ఆయన గుడ్డ కోశాడు. సీటు కింద రేకుకీ, స్ప్రింగు ఉన్న ఇనప పెట్టెకీ మధ్య ఒక చెక్కముక్క దిగ్గొట్టి ఉంది. శ్రావణం పెట్టి లాగితే ఊడొచ్చింది. ఒక కొస లావు, ఒక కొస సన్నం, ఒళ్లంతా నల్ల గీతలు.

"తాడిచెట్టు! కొండపల్లి బొమ్మలో ముక్క గదండీ ఇది" అని నవ్వాడు. "ఏమీ ఇరగలేదు మేడమ్. ఎవరో చీల కొట్టారంతే. బుర్రున్న మనిషండీ. మెత్త కర్ర గాబట్టి నొక్కుకుని బిగిసింది. గట్టి కర్రయితే ఏనాడో జారిపోయేది."

స్ప్రింగు బాగానే ఉంది, దాని ఇరుసు పక్కన ఉండే రబ్బరు బుష్షులు మాత్రం రాయిలా బిగిసిపోయాయి. లారీ కమాను కట్టకి వేసే బుష్షు తెచ్చి, పక్క షాపులో లేతు మీద సైజుకి తీయించి వేశాడు. చివరి బోల్టు దగ్గర నేను చెయ్యి చాచాను.

"ఆ స్పానర్ ఇటివ్వండి."

"మీరా?"

"నేనే. నా చెయ్యి పడితే ఏదైనా విరుగుతుందని పేరు. చూద్దాం."

"తిప్పండి... ఇంకో పావు చుట్టు. చాలు. ఎక్కువ బిగిస్తే వాలదు, తక్కువైతే పడేస్తది."

కూర్చుని వాలాను. షెడ్డు రేకులు కనబడ్డాయి. వాటికేసి చూస్తూ, అమ్మని అడగాల్సినవి ఒక్కొక్కటే వరస పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ గోరుచిక్కుళ్లు తుంచుతోంది. తాడిచెట్టుని ఆ పళ్లెంలో పెట్టాను. తీసి, వెలుతురులో తిప్పి చూసింది.

"రంగు పోలేదే" అంది.

"అంతేనా? ఇంకేమీ అనవా?"

"ఏమనమంటావ్? మీ నాన్న అందులో వాలాడంటే మళ్లీ లేచేవాడా? అక్కణ్నుంచే మంచినీళ్లు, అక్కణ్నుంచే కాఫీ, అక్కణ్నుంచే కాళ్లు పట్టు. నిటారుగా కూర్చున్న మగాడు అరగంటకి తనే లేస్తాడు. రోకలిబండతో రెండు దెబ్బలు వేశాను, ఇల్లు కుదుటపడింది."

"దెబ్బలు నా వీపున పడ్డాయి. నా పేరెందుకు చెప్పావు?"

"నేనెక్కడ చెప్పానే? ఆయన అన్నాడు. నేను కాదనలేదు."

"కాదనొచ్చుగా!"

"కాదంటే మరెవరు అని అడిగేవాడు." ఇంకో కాయ తుంచింది. "నీకు రెండు దెబ్బలతో పోయింది. నాకైతే పోయేదా?"

"రెండు దెబ్బలతో పోయిందా? పాలిటెక్నిక్ ఏమైంది? నా బతుకంతా ఆటోల పాలేగా!"

అమ్మ చెయ్యి ఆగింది. "ఆ రోజు చెబుదామనే అనుకున్నాను" అంది. "చుట్టాలున్నారు."

చుట్టాలున్నారట! తమ్ముడికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, చెప్పమన్నాను. అమ్మ గొంతు సవరించుకుంది.

"ఒరే, కుర్చీ బాగైందిరా. మీ అక్క బాగుచేయించింది."

"చూశావా అక్కా, విరగ్గొట్టినదానివే అతికించుకున్నావ్" అని వాడు నవ్వాడు. అమ్మ ఫోను నా చేతిలో పెట్టి మిగతా కాయలు తుంచుకుంది. ఇక మిగిలినవాళ్లు మీరే. కుర్చీ నేను విరగ్గొట్టలేదు. రాతపూర్వకంగా చెబుతున్నాను.

ఇప్పుడా కుర్చీలో అమ్మే ఉంటోంది. వాలడం మొదటిరోజే పట్టుబడింది. మొన్న మధ్యాహ్నం అక్కణ్నుంచే కేకేసింది.

"ఏమే, కాసిని మంచినీళ్లు!"

గ్లాసు ఠంగున స్టూలు మీద పెట్టాను. "ఆ తాడిచెట్టు నేను పారెయ్యలేదు. నా సొరుగులోనే ఉంది."

అమ్మ కళ్లు కూడా తెరవలేదు.

"దిగ్గొట్టుకో. కుట్టు మాత్రం సన్నగా వెయ్యి. నీ కుట్లు గంతులేస్తాయి, ఇట్టే పట్టుబడతావు."