తడి ఆరని చెవి

పిల్లల చెవుల గురించి జమ్లికి తెలిసిందంతా పెద్దకొడుకు మంగీలాల్ వల్ల తెలిసిందే. వాడికి పడిశం పట్టినప్పుడల్లా చెవిలోంచి చీము కారేది. ఐదో ఏడు దాటాక దానంతటదే ఆగిపోయింది. అందుకే కూతురు శ్రావణి చెవులు కారడం మొదలైనప్పుడు ఆమె కంగారుపడలేదు. దూది పెట్టింది, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చుక్కలు వేసింది, పెరిగితే పోతుందని ఆగింది.

అడవి గాలికి పెరిగిన పిల్లలు రాటుదేలి ఉంటారని పట్నంలో ముచ్చటగా చెప్పుకుంటాం. వానాకాలంలో కారేపల్లి అవతలి తండాల్లో ఒక పూట తిరిగితే, ముక్కులూ చెవులూ కారే పిల్లల్ని చూశాక ఆ ముచ్చట తీరిపోతుంది. బిడ్డ గురించి తల్లికి అన్నీ తెలుస్తాయన్నదీ ఇలాంటి మాటే. ఏడేళ్లు వచ్చేసరికి శ్రావణి మాటలు తగ్గించి తల్లి కొంగు పట్టుకుని తిరిగేది. పిల్లకు బుద్ధి వచ్చిందని జమ్లి మురిసిపోయింది.

రెండువేల ఆరు వేసవిలో తునికాకు కోతకు పిల్లను వెంట తీసుకుపోయింది. వెనకనుంచి ఎంత పిలిచినా శ్రావణి తిరగలేదు.

“నీ బిడ్డ కలెక్టరమ్మయింది జమ్లీ. మనసొంటోళ్లు పిలిస్తే పలుకుతదా?” అంది పక్క పొదలో ఆకు కోస్తున్న ద్వాలి.

జమ్లి పోయి పిల్ల వీపు మీద ఒకటి వేసింది.

“ఎందుకు కొట్టినవ్ యాడీ?” అంది శ్రావణి తల్లిని చూసి బిత్తరపోయి. “పిలిస్తే రాకపోదునా?”

ద్వాలి నవ్వు ఆగిపోయింది.

ఖమ్మంలో చెవి డాక్టరు మధులత చూసి, రెండు కర్ణభేరులకూ చిల్లులు పడ్డాయని, వినికిడి సగం పోయిందని చెప్పింది.

“ఇది, దీని అన్న ఒక్క కడుపున పుట్టిండ్రు. వానికి చీము ఆగింది, దీనికెందుకు ఆగదు మేడమ్?”

“ఒకసారి వచ్చిన క్రిమిని ఒళ్లు గుర్తుపెట్టుకోవాలమ్మా. మళ్లీ వస్తే జల్దీ తరిమేయాలి. మీవాడికి అట్లా కుదిరింది. కొందరు పిల్లల ఒంట్లో ఆ గుర్తు నిలవదు. వచ్చిన ప్రతిసారీ కొత్తదే.”

“దీనికి నిరుడు జాతరల తిన్న జిలేబి గూడ యాదికున్నది.”

“అది వేరమ్మా. ఈ పని మనసుది కాదు, రక్తానిది.”

“నేను ముందే తెస్తే?”

“మందులతో ఆరబెట్టేవాళ్లం. ఇంత పోయేది కాదు.”

ఆ మాట దాచి ఉంటే బాగుండేదని అనేవాళ్లుంటారు. దాచితే తండాలో రేపు ఇంకో తల్లి కూడా ఇలాగే ఆగుతుంది.

చిల్లులు పూడ్చే ఆపరేషన్‌కు చెవి కొన్ని నెలలపాటు ఆరి ఉండాలి. శ్రావణి చెవి ఎండాకాలం ఆరేది. తొలి వానకు పడిశం, దాని వెనకే చీము. ఇచ్చిన తేదీ వాయిదా పడేది. రెండేళ్లు అలాగే గడిచాయి. ఈ వానాకాలమూ డాక్టరు తల అడ్డంగా ఊపి పంపేసింది.

“ఈసారి గూడ కాదన్నది,” అని తిరుగు బస్సులో జమ్లి ఇంజను మోతను మించి అరిచింది. ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు.

శ్రావణి తల్లి గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది.

“ఒర్రకు యాడీ. నీ నోరు చూస్తే తెలుస్తది.”