ఉట్టి శేర్వ

జహీరాబాద్‌లో నా పేరుతో ఎవరికీ పని పడలేదు. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన రోజు నుంచి నేను అల్లుడిని. మా మామకు ఒక్కతే కూతురు, అందుకని ఇల్లరికం వచ్చాను. ఇక్కడి మాటలో ఇల్లుటం అంటారు, అదీ కాస్త గొంతు తగ్గించి. మాది న్యాల్‌కల్ అవతల, కర్ణాటకకు ఆనుకున్న పల్లె. బస్టాండ్ దగ్గర మొబైల్ దుకాణం పెట్టుకున్నాక బోర్డు మీద నా పేరు పెద్ద అక్షరాలతో రాయించాను. అయినా జనం 'అల్లుడి దుకాణం' అనే అన్నారు. ఒక ఆదివారం పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా అల్లుడుగారిని ఆశీర్వదించు" అని ప్రార్థన చేశారు. దేవుడికి కూడా నా పేరు తెలియకుండా పోయిందని నా భార్య వారమంతా నవ్వింది.

నిజం చెప్పాలంటే ఈ హోదా నాకు బాగానే ఉండేది. మా చర్చిలో అందరూ చాపల మీద కూర్చుంటారు. గోడ వారగా కొన్ని ప్లాస్టిక్ కుర్చీలుంటాయి, అవి మోకాళ్ళు సహకరించని పెద్దవాళ్ళకు. వాటిలో ఒకటి సరిగ్గా ఫ్యాను కింద ఉంటుంది. నేను వచ్చిన మొదటి ఆదివారం మామ నా చేయి పట్టుకుని తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టాడు. నా మోకాళ్ళకు అప్పటికి ఏ రోగమూ లేదు. అయినా కూర్చున్నాను. తర్వాత లేవమని ఎవరూ అనలేదు, నేనూ లేవలేదు. కొన్నాళ్ళకు అది అల్లుడి కుర్చీ అయిపోయింది.

ఇంకో భోగం, పండుగ భోజనాల్లో దొరికేది. ఏటా కోతకాలపు పండుగకు జనం జొన్నలు, కందులు, చెరుకు గడలు, గుమ్మడికాయలు తెచ్చి చర్చిలో అర్పిస్తారు. ఆరాధన అయ్యాక అందరికీ భోజనం. వెనక రేకుల షెడ్డు కింద పెద్ద పెద్ద గంజుల్లో బగారన్నం, మటన్ కూర వండుతారు. కూర ఉడకగానే మా అత్తమ్మ కార్జం, అంటే లివర్ ముక్కలు, మూలుగుండే ఎముకలు, అదే నల్లిబొక్కలు ఏరి, మూతున్న ఒక స్టీలు గిన్నెలో నాకోసం పక్కన పెట్టేది. ఎవరికీ తెలియకుండా దాస్తున్నానని ఆమె అనుకునేది. చర్చిలో పాలుతాగే పిల్లలకు తప్ప అందరికీ ఆ గిన్నె తెలుసు.

మా మామ సంఘపెద్ద. చెరుకు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. సంఘపెద్ద అంటే మైకు పట్టుకుని మాట్లాడతాడని, వచ్చిన అతిథుల పక్కన ఫొటోలో నిలబడతాడని నేను అనుకునేవాణ్ణి. ఈయన మైకు జోలికి పోయేవాడు కాదు. పండుగ రోజు నడుముకు తువ్వాల బిగించి, కూర బకెట్ పట్టుకుని బంతుల మధ్య తిరిగేవాడు. బంతి అంటే వరసగా కూర్చుని తినే జనం. అన్ని బంతులూ లేచాక, చివర మిగిలిందేదో తాను తినేవాడు. "ఇదేం పెద్దరికం మామా?" అని ఒకసారి అడిగాను.

"పెద్ద అంటే ఆఖరి బంతిల తినేటోడు, అల్లుడా. గంతే" అన్నాడు.

కూర బకెట్ అంటే తేలిగ్గా తీసుకోకండి. మా దిక్కు మటన్ వడ్డించడం ఎన్నికలు జరపడం కన్నా కష్టం. గంటెలో ఎవరికి ఎన్ని ముక్కలు వచ్చాయో పక్క ఇస్తారాకువాడికి కచ్చితంగా తెలుస్తుంది. రెండు బొక్కలు, ఒక ఆలుగడ్డ వచ్చినవాడు వచ్చే పండుగ దాకా దాన్ని చెప్పుకుంటాడు. మామ ఇన్నేళ్ళూ ఆ బకెట్‌ను మాట పడకుండా నడిపించాడు, కిందటేడు దాకా.

కిందటేడు పండుగకు హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ప్రసంగీకుడు వచ్చాడు. మామ వడ్డిస్తుంటే ఆయన వెనకే నడుస్తూ సంఘం గురించి ఒకటే ప్రశ్నలు. మామ ఆయనకు జవాబు చెబుతూ, మెడ వెనక్కి తిప్పి, ముందుకు వడ్డిస్తున్నాడు. ఆ బంతి చివర మా వీధిలోనే ఉండే ఒక పెద్దావిడ కూర్చుంది. మార్కెట్లో అల్లం, ఎల్లిగడ్డ అమ్ముతుంది. నా భార్యకు వరసకు పెద్దమ్మ, మామకు వదిన, నాకు అత్త. ఇంట్లో మేం అల్లమత్త అంటాం. ఆమె ఆకు దగ్గరికి వచ్చేసరికి బకెట్‌లో ముక్కలు అయిపోయాయి. మామ చూసుకోకుండా ఉట్టి శేర్వ పోసి, ప్రసంగీకుడితో మాట్లాడుకుంటూ సాగిపోయాడు. శేర్వ అంటే కూరలోని పులుసు. అల్లమత్త ఒక్క మెతుకు ముట్టలేదు. ఆకు మడిచి, లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

అంతే, ఇక చర్చికి రాలేదు.

ఆమె లేకపోతే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. శ్రుతి ఉండదు, గొంతు మాత్రం మొగుడంపల్లి దాకా వినబడుతుంది. పాస్టరుగారు పాట నంబరు చెప్పడమే ఆలస్యం, ఆమె మొదలుపెట్టేది, మిగతావాళ్ళం దాని వెంట పడేవాళ్ళం. ఇప్పుడు నంబరు చెప్పాక అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. ఎవరో సన్నగా మొదలుపెడతారు, ఇంకొకరు వేరే రాగంలో అందుకుంటారు. ఆ గందరగోళం జరిగిన ప్రతిసారీ మామ తల దించుకునేవాడు.

మామ ఆమె ఇంటికి చాలాసార్లు వెళ్ళాడు. ఆమె మంచినీళ్ళిచ్చేది, మాట మాత్రం ఇచ్చేది కాదు. ఒకసారి ఇంట్లో మటన్ వండించి టిఫిన్ డబ్బాలో ముక్కలన్నీ నింపి పంపాడు. డబ్బా మర్నాడు తిరిగొచ్చింది, కడిగి, నిండా అల్లంతో. అలిగినా ఖాళీ గిన్నె తిప్పి పంపే మనిషి కాదామె. ఆ అల్లం అయిపోయేదాకా మామ మా ఇంట్లో చాయ్ తాగలేదు. ఆ వాసన తగిలితే గొంతు దిగడం లేదన్నాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. నాలుగు ముక్కల కోసం ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. ఒక సాయంత్రం మార్కెట్‌కు పోయి ఆమె ముందు కూర్చుని అదే మాట అనేశాను.

"ముక్కలు నేను తింటనా?" అంది ఆమె అల్లం మీది మట్టి దులుపుతూ. "నాకు పండ్లే లేవు, గా బొక్కలు నేనేం కొరుకుత? శేర్వ వోసుకుంట మొఖం అటు తిప్పిండు నీ మామ. 'అయిపోయినయ్ వదినా' అని ఒక్క మాట అంటే నవ్వుకుంట తింటుంటి. ఆకుల కూర వోసిండు గని, ఆకు ముందట మనిషి ఉన్నదో లేదో సూడలె."

నేను పావుకిలో అల్లం కొనుక్కుని వచ్చాను. ఆమె మాట ఉన్నదున్నట్టు మామకు చెప్పాను. "నిజమే చెప్పింది. నేను సూడలె" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు బాధేసింది. అంతకాలం తప్పు ముక్కల్లో ఉందనుకుని ముక్కలే పంపాడు పాపం.

ఈ ఏడు పండుగ దగ్గర పడింది. మామకు మోకాళ్ళు బాగా పట్టేశాయి. పండుగ తర్వాత పెద్దరికం వదిలేస్తానని సంఘానికి చెప్పేశాడు. అయితే వదిలేలోపు వదినను బంతిలో కూర్చోబెట్టాలని ఆయన పంతం. ఈ పండుగకూ రాకపోతే ఆమె ఇక ఎప్పటికీ రాదని మా అందరికీ తెలుసు. ఇంకోచోటికి ప్రార్థనకు పోతుందన్న మాట అప్పటికే మార్కెట్లో తిరుగుతోంది.

పండుగకు ముందు ఆదివారం మామ లేచి నిలబడి, ఈసారి బకెట్ అల్లుడు పట్టుకుంటాడని సంఘం ముందే చెప్పేశాడు. నాతో ఒక్క మాట అనలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంటికి రాగానే అరిచాను. మా అత్తమ్మ నాకన్నా ఎక్కువ అరిచింది. "అల్లునితోని బకెట్ మోపిస్తవా? జర ఇజ్జత్ ఉన్నదా మనకు?" అంది. నా భార్య వీడియో తీయడానికి ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటానంది.

మామ తొణకలేదు. "వదిన దగ్గరికి పోయిన. 'ఈసారి నేను వడ్డియ్య, నీ పక్కల కూసోని తింట' అన్న. 'మరి ఎవరు వడ్డిస్తరు?' అన్నది. 'అల్లుడు' అన్న" అన్నాడు.

"ఏమన్నది?" అని అడిగాను.

"'అల్లుడు బకెట్ వడుతడా? గది సూడనన్న సూడాలె, వస్త' అన్నది."

అలా నేను ఎరనయ్యాను. ఇక కాదనడానికి లేకపోయింది.

పండుగ రోజు ఆమె వచ్చింది. ఆరాధనకు కాదు, సరిగ్గా భోజనాల వేళకు. పొద్దున పాస్టరుగారు ప్రభువు తువ్వాల కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి ప్రసంగించారు. నేను ఫ్యాను కింద కూర్చుని వింటూ, కాళ్ళు కడగడమే నయం అనుకున్నాను. నీళ్ళు తక్కువైతే బోరింగు కొట్టుకోవచ్చు, ముక్కలు తక్కువైతే ఏం కొట్టాలి? మామ తన తువ్వాల విప్పి నా నడుముకు బిగించాడు. "ఫికర్ చెయ్యకు. మొఖాలు సూసుకుంట పో" అన్నాడు.

పోయాను. బకెట్ కాలుతోంది, నడుము వంగడం లేదు. జనం నన్ను ఆడుకున్నారు. "అల్లుడా, గంటె జర లోతుకు ముంచు!" అని ఒకడు. "మొన్న నీ తాననే చార్జర్ కొంటి, యాదికున్నదా?" అని ఇంకొకడు. మొహాలు చూడమన్నాడు కదా మామ, చూశాను. చూస్తే ప్రతి మొహమూ ముక్క అడుగుతున్నట్టే కనిపించింది. వేశాను, మళ్ళీ వేశాను. దొరబాబులా పంచుకుంటూ పోయాను.

మామ మాట ప్రకారం ఆఖరి బంతిలో, ఆఖరున అల్లమత్త పక్కన కూర్చున్నాడు. నేను వాళ్ళ ముందుకు వచ్చి గంటె ముంచాను. శేర్వ వచ్చింది. అడుగు దాకా ముంచాను. మళ్ళీ శేర్వే. షెడ్డులో గంజు కూడా ఖాళీ అయిందని నాకు తెలుసు, ఆ బకెట్ నింపింది నేనే.

సంవత్సరం పాటు మామ పడ్డదంతా నా గంటెతో నేనే పోగొట్టాను. గబుక్కున పోసేసి పారిపోవాలనిపించింది. పక్కన మామ ఆకు వైపే చూస్తున్నాడు, తలెత్తడం లేదు. ఆమె మాత్రం బకెట్ వైపు చూడటం లేదు. నన్నే చూస్తోంది.

నేను బకెట్ కింద పెట్టి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. "అత్తా, ముక్కలు అయిపోయినయ్. ముందటోళ్ళకు నేనే ఎక్కువెక్కువ ఏసిన. నీకు లేకుండ చేసిన. జర ఆగు, లేవకు, ఇప్పుడే వస్త" అన్నాను.

షెడ్డులోకి పరుగెత్తాను. మా అత్తమ్మ స్టీలు గిన్నె పట్టుకుని నాకోసమే ఎదురుచూస్తోంది. నేను దాన్ని లాక్కుని తిరిగేసరికి సంగతి అర్థమై నా మోచేయి పట్టుకుంది. "అయ్యో, అది నీది కొడుకా!" అంది.

"నాదే కదత్తమ్మా, అందుకే అడగకుంట తీస్కపోతున్న" అన్నాను.

మూత తీసి అల్లమత్త ఆకులో వేస్తుంటే ఆమె నా చేయి ఆపింది. గిన్నెను గుర్తుపట్టింది.

"గిది అల్లుని గిన్నె గద?"

"ఇయ్యాల అల్లుడు సెలవు వెట్టిండత్తా."

ఆమె ఒక్కసారి పకపకా నవ్వింది. పళ్ళు లేని ఆ నవ్వుకు బంతంతా ఇటు తిరిగింది. అందులోంచి మెత్తటి కార్జం ముక్కలు తను ఉంచుకుని, నల్లిబొక్కలు తీసి మామ ఆకులో పెట్టింది. "తిను మరిదీ. మొఖం మాత్రం అటు తిప్పకు" అంది.

మామ అందరి ముందే ఏడ్చాడు. "నిరుడు నేను నిన్ను సూడలె వదినా" అన్నాడు.

"ఇప్పుడు సూస్తున్నవ్ గద. బగార సల్లారిపోతది, తిను."

నాకు సంతోషం పట్టలేకపోయింది. అందరూ లేచాక షెడ్డులో గంజు పక్కన కూర్చుని నేనూ తిన్నాను. నా భార్య బకెట్‌లో గంటె ముంచి, నా మొహంలోకి తదేకంగా చూస్తూ ఉట్టి శేర్వ పోసింది. "అయిపోయినయండీ" అని ఎంతో మర్యాదగా చెప్పింది. వీడియో కూడా తీసింది, ఇప్పటికీ చుట్టాలందరికీ చూపిస్తుంది.

తర్వాతి ఆదివారం దుకాణం సర్దుకుని చర్చికి వెళ్ళేసరికి కొంచెం ఆలస్యమైంది. తిన్నగా నా కుర్చీ దగ్గరికి నడిచాను. ఫ్యాను కింద అల్లమత్త కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్క కుర్చీలో మామ, ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తున్నాడు.

"ఏంది సూస్తున్నవ్?" అంది ఆమె. "నీ మోకాళ్ళకేమైంది? సాప మీద గూసో."

పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. చెప్పడం ఇంకా పూర్తి కాలేదు, ఆమె ఎత్తుకుంది. శ్రుతి లేదు, తాళం అంతకన్నా లేదు. మామ తొడ మీద దరువేస్తున్నాడు. నేను చాప మీద చోటు చూసుకుని కూర్చుని, అందరితో పాటు ఆ పాట వెంట పడ్డాను.