వేణుకి నేను చెప్పిన రెండు దారులు

రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలున్నాయనగా, జులై మొదటి వారంలో, నన్ను పంజాగుట్టలోని ఒక ఉపాధి సలహా కేంద్రానికి డెప్యుటేషన్ మీద వేశారు. అప్పటికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు నాది. లైసెన్సు కోసం వచ్చినవాళ్లకి ట్రాక్ మీద పరీక్ష పెట్టి పాసో ఫెయిలో రాయడమే ఆ ఉద్యోగం. కొత్త సీట్లో పరీక్ష లేదు. డ్రైవింగ్‌లో బతుకుతెరువు వెతుక్కునేవాళ్లకి సలహా చెప్పాలి, అంతే. ఇదీ ఒక పనేనా అనుకున్నాను.

మూడో రోజున వేణు అనే టైలర్ భార్య సునీతతో కలిసి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఉండేది బోరబండ, పని అమీర్‌పేటలో ఒక కుట్టుషాపులో. అందరూ రెడీమేడ్ కొంటున్నారని, చేతికి వచ్చేది పొడుగు తగ్గించే పనేనని చెప్పాడు. బావ యాదగిరి లారీ డ్రైవర్. ఆయన సేటు దగ్గర ఇంకో లారీ ఉంది, లైసెన్సు తెచ్చుకుంటే తోలమన్నారు. యూనిఫాంల సీజన్ అయ్యాక షాపు యజమాని ఏడు వారాలు సెలవిచ్చాడు. ఆలోపు తిరిగి రాకపోతే మెషీన్ మీద ఇంకొకరిని కూర్చోబెడతానన్నాడు. లారీ పని అచ్చిరాకపోతే వేణుకి మిగిలేది ఆ మెషీన్ ఒక్కటే.

కాగితాల వరకు ఇబ్బంది లేదు. కారు లైసెన్సు ఏడాది దాటితేనే లారీకి ఎల్.ఎల్.ఆర్., అంటే నేర్చుకునేందుకు తాత్కాలిక అనుమతి, ఇస్తారు. వేణుకి కారు లైసెన్సు ముందే ఉంది, ఎల్.ఎల్.ఆర్. కూడా తెచ్చుకున్నాడు. పరీక్షకు రావాలంటే డ్రైవింగ్ స్కూలు ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి, దానికి నెల రోజుల కోర్సు. వేణు అడిగింది వేరే. నేరుగా అమీర్‌పేట స్కూల్లో చేరాలా, ముందు బావ లారీ మీద క్లీనర్‌గా పోయి తోలడం అలవాటు చేసుకోవాలా? మీరైతే ఏం చేస్తరు సార్ అన్నాడు.

స్కూలే అన్నాను, తడుముకోకుండా. ఇంటికెళ్తూ బస్సులో గుర్తొచ్చింది, స్కూలు లారీలన్నీ ఖాళీవే, లోడు బండి బరువు అక్కడ తెలియదని. మర్నాడు ఫోన్ చేసి బావతో పొమ్మన్నాను. తరవాత ఇంకో అనుమానం. లారీల మీద నేర్చుకొచ్చినవాళ్లని ట్రాక్ మీద నేనే ఎంతమందిని ఫెయిల్ చేయలేదు? మళ్లీ స్కూలన్నాను. అమీర్‌పేటలో ఏ కోర్సు చేరాలో తేలక కంప్యూటర్ కోచింగ్ బోర్డుల కింద నిలబడే వాళ్లని చూసి ఎన్నోసార్లు నవ్వుకున్నాను. ఇప్పుడు నా సంగతీ అంతే.

అలా ఎనిమిది రోజులు గడిచాయి. సునీత ఒక్కతే ఆఫీసుకొచ్చింది. "సార్, మొన్న ఒకటి చెప్పిన్రు, నిన్న ఒకటి చెప్పిన్రు. గిట్ల రోజులు పోతున్నయి. మేం దేన్ని పట్టుకోవాలె?" అంది. గొంతు పెంచలేదు. అయినా నాకు సిగ్గేసింది. నాకు తెలియదమ్మా అనాల్సింది. ఇన్‌స్పెక్టరు నోట ఆ మాట రాలేదు. ముందు లారీ మీద పది రోజులు, తరవాత స్కూల్లో ముప్పై రోజులు అని తీర్పు చెప్పినట్టు చెప్పాను. స్కూలు ఎలాగూ తప్పదు, లారీ సంగతి ఎటూ తేల్చుకోలేక పది రోజులు పెట్టాను.

సెలవు చివరి వారంలో, ఇంకొక్క రోజు మిగిలి ఉండగా, వేణు పరీక్షకు హాజరయ్యాడు. నేనూ వెళ్లి ఓ పక్కన నిలబడ్డాను. పరీక్ష పెట్టింది నాకన్నా జూనియర్ ఇన్‌స్పెక్టరు. బండి ట్రాక్ మీదుండగా అభ్యర్థితో ఎవరూ మాట్లాడకూడదు, సైగ చేయకూడదు. ముందుకు చక్కగా తోలాడు. గేర్లు మార్చడం, మలుపు తిప్పడం బాగున్నాయి. రివర్స్‌కి వచ్చేసరికి తల కిటికీలోంచి బయటపెట్టి ఆగిపోయాడు. కాస్త కదిలాడు, మళ్లీ ఆగాడు. మూడోసారి వెనక చక్రం ట్రాక్ అంచునున్న రాయెక్కింది. ఫెయిల్.

ఎందుకాగావని అడిగాను. వెనక ఎవలూ చప్పుడు చేస్తలేరు సార్ అన్నాడు. బావ రివర్స్ చేసేటప్పుడు వేణు వెనక నిలబడి లారీ బాడీ మీద చేత్తో కొట్టేవాడట. వేణు తోలినప్పుడు బావ అలాగే కొట్టేవాడు. చప్పుడున్నంతసేపు రావాలి, ఆగితే ఆగాలి. మరి స్కూల్లోనో? "పక్కసీట్ల సారు రానీ రానీ అంటుండె. ఆయన కాళ్ల కింద సుత బ్రేకు ఉంటది గదా."

తల బయటపెట్టి ఆగిపోయినవాళ్లని సర్వీసంతా చూశాను. ప్రతి ఒక్కరికీ 'అద్దాలు చూడలేదు' అని రాసి ఫెయిల్ చేశాను. ఎలా నేర్చుకున్నావయ్యా అని ఒక్కరినీ అడగలేదు. నేను ఊగిసలాడిన రెండు దారులూ ఈ ఒక్క విషయంలో ఒకటే, వెనక్కి ఎంత రావాలో రెండుచోట్లా ఇంకొకరే చెప్పారు. వేణు ఎటు పోయినా ఇక్కడే ఆగేవాడు.

ఫెయిలైతే ఏడు రోజుల దాకా మళ్లీ పరీక్ష ఉండదు. ఇంకో వారం ఆగమని వేణు వెళ్లి బతిమాలినా షాపు యజమాని ఆగలేదు, దసరా గిరాకీ మొదలైందన్నాడు. మెషీన్ పోయింది. స్కూలు వాళ్లతో మాట్లాడి, రోజూ పొద్దున్నే వేణుని వాళ్ల గ్రౌండుకి తీసుకెళ్లాను. పక్కన నేర్పే ఆయన తన బ్రేకు తాకకుండా కాళ్లు ముడుచుకు కూర్చున్నాడు. నేను వెనక నిలబడి నోరు మూసుకున్నాను. మొదటి రోజు వేణు కాలు బ్రేకు మీంచి లేవలేదు. నాలుగో రోజుకి కళ్లు అద్దాల మీదికొచ్చాయి. రెండోసారి పాసయ్యాడు. సేటు లారీ ఎక్కాడు. ఇంక ఎనక్కి పోదామన్నా జాగా లేదు సార్, గిదే నడవాలె అంది సునీత.

పరీక్ష పెట్టడం వేరు, నేర్పడం వేరు. నాకు వచ్చింది మొదటిదే. ఆ మాట మొదటి రోజే ఒప్పుకుని, నేర్పేవాళ్లని అడగమని ఉంటే వేణుకి ఎనిమిది రోజులు మిగిలేవి. ఒకసారి ఫెయిలైనా, రెండో పరీక్ష మెషీన్ పోకముందే, సెలవులోనే అయిపోయేది.