గిలక లేని బావి

మా పెదనాన్న ఎలాంటి రాక్షసుణ్ణయినా నమ్ముతాడు గానీ, మరుగుదొడ్డి లేని కోటను మాత్రం చచ్చినా నమ్మడు.

ఈ ముక్క అర్థం కావాలంటే మా ఆదివారం ఆట గురించి చెప్పాలి. మధ్యాహ్నం పెదనాన్న ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ చేరతాం. ఆయన కథ నడుపుతాడు, మేం నలుగురం అందులో వీరులం. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మది కత్తి, పోస్ట్‌మ్యాన్ దొంగ, నాది విల్లు, టైలర్ గారు మంత్రగాడు. తలుపు పగిలిందా, రాక్షసుడు చచ్చాడా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పుస్తకం అడిగిన అంకె గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడితే గెలిచినట్టు. కోట పటంతో సహా కథంతా అచ్చేసిన పుస్తకాలు దుకాణంలో దొరుకుతాయి. వేరే ఇళ్లలో అయితే పుస్తకం తెరిచి ఆడేస్తారు. మా ఇంట్లో ముందు తనిఖీ జరగాలి.

పెదనాన్న ముప్పై రెండేళ్లు కొత్త భవనాలను తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. ఆయన రిటైరయ్యాడు గానీ ఆయన ఎర్ర పెన్సిల్ కాలేదు. పుస్తకం రాగానే పటం మీద స్కేలు పెట్టి, మెట్లు లెక్కపెట్టి, చీటీ మీద తీర్పు రాసి అందులోనే పెడతాడు. పాత కథ అయిపోయాక వరసగా నాలుగు పుస్తకాలు తెచ్చాం.

"నలభై మంది దొంగలకి ఒకటే పొయ్యి. అందరూ టీ తాగి బయల్దేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఇక దోచుకునేదెప్పుడు?" అని మొదటిది వద్దన్నాడు.

రెండోది మంత్రగత్తె కోట. "ఏడంతస్తులు కట్టింది. మరుగుదొడ్డి ఏదీ?"

"ఆవిడ మంత్రగత్తె కదా పెదనాన్నా."

"అయితే కాపలావాళ్లూ మంత్రగాళ్లేనా?"

మూడోదాంట్లో భూతానికి కిటికీ లేని గది ఇచ్చారట. "భూతానికి గాలెందుకండీ?" అని పెద్దమ్మ అడిగింది. "ఊపిరాడకే కదా అందరి మీదా అరుస్తోంది, పాపం," అన్నాడు. నాలుగోదాంట్లో మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ లేదు.

మూడు వారాలు నవ్వుకున్నాం. నాలుగో వారానికి పోస్ట్‌మ్యాన్‌కి ఒళ్లు మండింది. "మీకేం, మీరు ఇంట్లోనే ఉంటారు. టైలర్ గారి సంగతి చూడండి. ఆయన గడప దాటేది ఈ ఒక్క పూటే," అన్నాడు.

అది నిజమే. కిందటేడు టైలర్ గారి కొట్టు తగలబడింది. అప్పట్నుంచి ఇంట్లోనే కుట్టుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయాడు. ఆదివారం మా బల్ల దగ్గర మంత్రగాడైతే మాత్రం నోరు విప్పేవాడు. ఆట లేని నాలుగు వారాల్లో మళ్లీ బిగుసుకుపోయాడు.

ఐదో పుస్తకం పోస్ట్‌మ్యానే తెచ్చాడు. "ఇది కూడా వద్దంటే మా ఇంట్లో నేనే నడుపుతాను," అని గట్టిగానే చెప్పాడు. పెదనాన్న వారమంతా దాంతోనే కూర్చున్నాడు. పెద్దమ్మ పిలిచినా పలకలేదట. ఆదివారం చీటీ చదివాడు.

"సంత మధ్యలో బావి ఉంది. బావికి గిలక లేదు. వద్దు."

"గిలకా!" అన్నాడు పోస్ట్‌మ్యాన్. పుస్తకం చంకలో పెట్టుకుని లేచాడు. ఒకరి వెనక ఒకరం మేమూ లేచాం. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. పెదనాన్న టైలర్ గారి వెంట వీధి గేటు దాకా వచ్చి, "ఇవాళ నువ్వు ఉండిపోరాదూ, టీ తాగి వెళ్దువు గాని," అన్నాడు. టైలర్ గారు ఆగలేదు.

పోస్ట్‌మ్యాన్ బాగానే నడిపాడు, ముప్పై ఒకటో పేజీ దాకా. "సంతకి నిప్పంటుకుంది. బట్టల కొట్టులోంచి పొగ వస్తోంది. ఏం చేస్తారు?" అని ఉత్సాహంగా చదివి, తలెత్తి చూసి, నాలుక కరుచుకున్నాడు. టైలర్ గారి చేతిలోంచి పాచిక జారింది. "మంచినీళ్లు తాగొస్తా," అని లేచి, అటునుంచటే ఇంటికి వెళ్లిపోయాడు.

పుస్తకంలో పెదనాన్న చీటీ ఇంకా ఉంది. తీసి తిప్పి చూశాను. వెనక సన్నటి అక్షరాలు. "పేజీ 31. సంత తగలబడుతుంది. మనకు టైలర్ ఉన్నాడు. వద్దు."

ఆ పుస్తకంతోనే పరుగున పెదనాన్న ఇంటికి వెళ్లి మిగతా నాలుగు పుస్తకాలూ తీశాను. మంత్రగత్తె కోట చీటీ వెనక "జ్వరంతో పిల్లలు పోతారు. నర్సమ్మ వారమంతా చూసేది అదే." భూతం వెనక "నాలుగుచోట్ల కుక్కలు తరుముతాయి. కుక్క కరిచి పోస్ట్‌మ్యాన్ ఇంకా కుంటుతున్నాడు." మెట్ల వెనక "గదినిండా సాలెపురుగులు. అమ్మాయి బయటికి చెప్పదు గానీ, భయం." నిజంగానే నేనెవరికీ చెప్పలేదు. నలభై మంది దొంగల చీటీ వెనక మాత్రం ఏమీ లేదు. దాని ఇబ్బంది నిజంగా పొయ్యే.

"మాకు చెప్పొచ్చుగా పెదనాన్నా?" అన్నాను. ఏడుపొచ్చింది.

"చెబితే తన మూలంగా అందరి ఆటా పోయిందని టైలర్ కుమిలిపోడూ? మరుగుదొడ్డి మూలంగా పోతే ఎవరికి బాధ?" అన్నాడు పెదనాన్న. "చీటీ సంగతి ఎవరికీ చెప్పకు."

చెప్పలేదు. తర్వాతి ఆదివారం మొహాలు వేలాడేసుకుని అందరం పెదనాన్న బల్ల దగ్గరికే చేరాం. టైలర్ గారి కుర్చీ ఖాళీగా ఉంది. ఇక రాడనుకుని పెద్దమ్మ ఒక కప్పు తీసేసింది. అప్పుడు గేటు చప్పుడైంది.

టైలర్ గారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ సంతలో బావి ఉందన్నారు కదా. గిలక ఒక్కటీ మీరు పెట్టించండి. మంట నేను ఆర్పుతాను."

పెదనాన్న ఎర్ర పెన్సిల్ చెక్కుకుని, పటంలో బావి మీద గిలక గీశాడు. తాడు గీశాడు. బొక్కెన కూడా గీశాడు.

"అలాగే ఒక మరుగుదొడ్డి," అన్నాడు టైలర్ గారు. ఏడాదిలో ఆయన వేసిన మొదటి జోకు అదే.

"బావికి యాభై అడుగుల దూరంలో," అని అదీ గీశాడు పెదనాన్న.

పుస్తకం తెరిచారు. సంత అంటుకుంది. నర్సమ్మ జనాన్ని పక్కకు తప్పించింది, నేనూ పోస్ట్‌మ్యానూ నీళ్లు తోడాం. టైలర్ గారు పాచికను రెండు చేతుల్లో చాలాసేపు ఆడించి వేశాడు. పన్నెండు పడింది.

పెదనాన్న వెంటనే పేజీ మీద అరచెయ్యి పెట్టాడు. "ఆరిపోయింది! కొట్టులో ఒక్క తాను కూడా కాలలేదు."

టైలర్ గారు కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వాడు. పెద్దమ్మ తీసేసిన కప్పు మళ్లీ తెచ్చింది. నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి, ఆ అరచెయ్యి కింద ఏముందో ముందే చూశాను. ముప్పై రెండేళ్లలో ఎవరికీ ఒక్క అంగుళం వదలని మనిషి చెవి దగ్గర గుసగుసగా అన్నాను. "పెదనాన్నా, పుస్తకంలో పదిహేను పడాలని ఉంది."

"అది గిలక లేని బావికి," అన్నాడు.