నారుమడి మట్టి

మొన్న మా మనవరాలు చేపల తొట్టి కొనుక్కొచ్చింది. దాంతోపాటు ఒక సంచీ కూడా వచ్చింది. అందులో ఏముందే అంటే మట్టి అంది. గోదారి ఒడ్డున పుట్టి మట్టి కొనుక్కోవడం ఏం రాతో అని నవ్వాను. ఆ పిల్ల ముందు ఇసుక పోసి, దాని మీద మట్టి పొయ్యబోయింది. గభాలున చెయ్యి పట్టుకుని, "మట్టి అడుగునే, ఇసుక పైన. తిరగేస్తే నీళ్లన్నీ బురదే" అన్నాను. "సంతకం పెట్టడానికి గంటసేపు చేస్తావు, ఇదంతా నీకెవరు చెప్పారు అమ్మమ్మా?" అంది. మీ తాతయ్య చెప్పారు, నేను చెబుతాను రాసుకో అన్నాను.

మా ఆయన రాజమండ్రిలో ఒక కాలేజీలో ల్యాబు అటెండరు. ముందుగదిలో మూడడుగుల గాజు తొట్టి పెట్టుకుని, కాలవల్లో దొరికే రిబ్బను ఆకుల మొక్కలు అందులో పెంచేవారు. చేపలు ఉన్నది మొక్కలకు తోడు కోసమే అనేవారు. నాకు సవతి లేని లోటు ఆ తొట్టి తీర్చింది. తొంభైల చివర్లో, ఒక వేసవి చివర, ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. మంచం తొట్టికి ఎదురుగా వేయించుకున్నారు. ఆ ఆకులు ఊగుతుంటే చూస్తూ నాలుగు చెంచాల జావ తాగేవారు, లేకపోతే నోరు తెరిచేవారు కాదు. అలాంటిది ఒకరోజు తొట్టి మూల అతుకు ఊడి నీళ్లన్నీ కారిపోయాయి. అడుగు మట్టి నల్లగా కుళ్లి మురుగు కంపు కొట్టింది. మొక్కలు వాలిపోయాయి. పదకొండు చేపల్ని బిందెలోకి తీశాను. ఆయన ముఖం గోడవైపు తిప్పేసుకున్నారు. రెండు రోజులు జావ ముట్టలేదు. డాక్టరుగారు వచ్చి, "తిండి మానేస్తే మందులేం చేస్తాయమ్మా" అని వెళ్లిపోయారు.

గాజు పనివాణ్ణి పిలిచి మూల అతికించాను. "ఏవండీ, మీరు చెప్పండి, నేను పరుస్తాను" అని కాళ్లావేళ్లా పడ్డాను. గోడతో చెప్పినట్టు చెప్పారు. సముద్రం వైపు ఇసుకలో గవ్వపొడి ఉంటుంది, అది పనికిరాదు, గోదారి ఇసుకే తేవాలి. నిమ్మరసం పిండితే పొంగకూడదు. తెచ్చాను, పిండాను, పొంగలేదు. బియ్యం కడిగినట్టు నీళ్లు తేటపడేదాకా కడిగాను. మట్టి దగ్గరే వచ్చింది చిక్కంతా. కాలవ ఒండ్రు తెచ్చి ఎండబెట్టి, నానబెట్టి, నీళ్లు వంచేసి మళ్లీ ఎండబెట్టాలట. అలా మూడుసార్లు. పదిహేను రోజుల పని. తిండి మానేసిన మనిషి పదిహేను రోజులు ఆగుతారా?

మా అన్నయ్యది రావులపాలెం అవతల వ్యవసాయం. కబురు పెడితే మర్నాడే గోనెసంచీతో బస్సు దిగాడు. "నారుమడిలో తీశానమ్మా. మొన్ననే యూరియా చల్లాను. బావగారి మొక్కలకు బలం లేని మట్టి ఇస్తానా?" అన్నాడు. వరికి మంచిదైంది ఈ మొక్కకు చెడుతుందా? రైతు ఇంట పుట్టినదాన్ని, నాకది తప్పని తోచలేదు. కానీ ఆయనకు చెబితే వద్దంటారని తెలుసు. అంటే లోపలెక్కడో తోచే ఉంటుంది.

రెండు వేళ్ల మందాన మట్టి, పైన మూడు వేళ్ల ఇసుక, వెనక ఎత్తు, ముందుకి వాలు. మట్టి రేగకుండా పళ్లెం పెట్టి దాని మీద నీళ్లు పోశాను. ఆయన తల ఇటు తిప్పారు.

"ఇంత తొందరగా మట్టెలా ఎండిందే?"

"కాలవ పూడిక తీసి గట్టున పోశారు కదండీ. ఎండే ఉంది."

నమ్మారో, నమ్మాలనుకున్నారో. గ్లాసుడు జావ తాగారు. బతికి ఉన్న నాలుగు మొక్కలు గుచ్చి, చేపల్ని వదిలి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. సంతోషంతోనే.

మర్నాడు తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మధ్యాహ్నానికి పదకొండూ వెల్లకిలా తేలాయి. మంచం పక్కకు తిప్పుతానంటే ఆయన వద్దన్నారు. అన్నీ చూశారు. ఇక అది యూరియా చల్లిన నారుమడి మట్టని, ఆ యూరియాయే నీళ్లలో దిగి చేపల్ని చంపి ఉంటుందని నిజం చెప్పేశాను. తిడితే బావుండేది. సగం మూతితో నవ్వి, "వరి కోతకెప్పుడొస్తుందే?" అన్నారు.

మొక్కల్ని బిందెలో వేసి, తొట్టంతా తోడేశాను. ఈసారి కాలవ ఒండ్రే తెచ్చాను. నానబెట్టి ఎండిన ప్రతిసారీ గుప్పెడు తెచ్చి ముక్కు దగ్గర పెట్టమనేవారు. "ఇంకా పచ్చివాసనుంది" అనేవారు. "ఈ చెంచా మింగితేనే మళ్లీ నానబెడతాను" అని బేరం పెట్టేదాన్ని. "నువ్వు అరటి గెలలు అమ్మాల్సిన దానివే" అంటూ నోరు తెరిచేవారు. అలా పదిహేను రోజులూ తిన్నారు. ఆయన చూస్తుండగానే పరిచాను, నాటాను. చేపలు తెచ్చెయ్యనా అంటే, "ఆగవే. కొత్త ఆకు రావాలి. నెల పడుతుంది. మట్టిని తొందరపెట్టకు" అన్నారు.

ఆగాను. నాటిన ఆరో రోజు పొద్దున చెంచా పెదవుల దాకా తీసుకెళ్లాను. ఆయన లేరు.

పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలంతా వెళ్లిపోయాక, గాజు తుడుస్తుంటే ఒక మొక్క పక్కన చిటికెన వేలంత పిలక కనబడింది. ఆయన చెప్పిన నెలలో ఇంకా పన్నెండు రోజులున్నాయి. మనిషి వెళ్లిపోయినా ఆయన పెట్టిన గడువు నడుస్తూనే ఉంటుందని, మిగిలిన రోజులు మనమొక్కళ్లమే కూర్చుని పూర్తి చెయ్యాలని నాకు ఎవరూ చెప్పలేదు.